మా ఇంటి దీపాలన్నీ ఎల్‌ఈడీలుగా మార్చాక: 14 నెలల వాడకం మీద సమీక్ష

హనుమకొండలో మాది 20 ఏళ్ల నాటి ఇల్లు. గోడలలోని వైర్లు, గదులలోని ట్యూబులైటు పట్టీలు, వాకిట్లోని 60 వాట్ల బల్బు, పూజ గదిలోని ఎర్రటి జీరో బల్బు, అన్నీ ఇల్లు కట్టినప్పుడు ఎలా ఉన్నాయో 2024 నవంబరు దాకా అలాగే ఉన్నాయి. ఆ నెలలో వంటింటి ట్యూబు వెలగడానికి నాలుగైదు నిమిషాలు మిణుకుమిణుకుమంటూ మొరాయించడంతో, ఒక్క స్టార్టర్ మార్చి ఊరుకోకుండా స్నానాల గదులు మినహా ఇంటిలోని దీపాలన్నిటినీ ఒకేసారి ఎల్‌ఈడీలకు మార్చాము. అప్పటి నుంచి 14 నెలలు గడిచాయి. ఏది డబ్బుకు తగిన వస్తువో, ఏది కాదో ఇప్పుడు కొంత ధైర్యంగా చెప్పగలనని అనుకుంటున్నాను. కంపెనీల పేర్లు మాత్రం రాయడం లేదు. కొన్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని వస్తువులే కాబట్టి, వాటిని బట్టి ఏ కంపెనీని పొగడడమూ తిట్టడమూ న్యాయం కాదు.

కొన్నవి ఇవి: 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు ఐదు, వాకిలికి 9 వాట్ల బల్బు ఒకటి, పూజ గదికీ ఒక పడక గదికీ అర వాటు జీరో బల్బులు రెండు, కరెంటు పోయినా వెలిగే ఎమర్జెన్సీ బల్బు ఒకటి. ఎమర్జెన్సీ బల్బును పక్కన పెడితే, ఎలక్ట్రీషియన్ కూలి 500 రూపాయలతో కలిపి మొత్తం 1,945 రూపాయలు అయింది. దుకాణదారు ప్రతి ట్యూబు చివరా, ప్రతి బల్బు మూతి దగ్గరా నల్ల మార్కర్‌తో కొన్న తేదీ రాసి ఇచ్చాడు. ఆ రాత విలువ ఏమిటో ఎనిమిది నెలల తరువాత గానీ నాకు తెలిసిరాలేదు.

దుకాణంలో అందరూ అడిగేది వాట్లే, కంపెనీలు అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో అచ్చు వేసేదీ వాట్లే. వాట్లు చెప్పేది ఆ దీపం తినే కరెంటును మాత్రమే. వెలుతురు ఎంత ఇస్తుందో తెలియాలంటే ల్యూమెన్ల అంకె చూడాలి. పాత 60 వాట్ల బల్బు 700 ల్యూమెన్ల దరిదాపుల్లో వెలుతురు ఇచ్చి, మిగతా కరెంటునంతా వేడిగా మార్చేది. నేను కొన్న 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టె మీద 900 ల్యూమెన్లని ఉంది. కాబట్టి వాకిలి విషయంలో ఏ తిరకాసూ లేదు, కరెంటు ఆరో వంతు కన్నా తక్కువకు దిగింది, వెలుతురు పెరిగింది.

ట్యూబుల విషయం అంత సూటిగా లేదు. 36 వాట్ల మామూలు ట్యూబు కొత్తగా ఉన్నప్పుడు 2,450 ల్యూమెన్ల వరకు ఇస్తుంది, నేను తెచ్చిన 20 వాట్ల ఎల్‌ఈడీ ఇచ్చేది 2,000. అయినా మా హాలులో వెలుతురు పెరిగినట్టే అనిపించడానికి కారణాలు రెండు. ఒకటి, మా పాత ట్యూబులు చివర్లు నల్లబడి ఎన్నడో సత్తువ కోల్పోయినవి. రెండోది, పాత ట్యూబు చుట్టూ అన్ని వైపులకూ వెలుతురు చిమ్మితే, ఎల్‌ఈడీ ఎదురుగా, కిందికి మాత్రమే చిమ్ముతుంది. కింద చదువుకునేవారికి అది లాభమే గానీ, గోడల పై భాగమూ పైకప్పూ మునుపటి కన్నా మసకబారాయి. కొత్త ట్యూబు బిగించుకున్న ఇంటివారు ఎల్‌ఈడీకి మారితే వెలుతురు తగ్గిందని అనుకోవడానికి ఆస్కారముంది, అది వారి భ్రమ కూడా కాదు.

పెట్టె మీది అంకెలను నమ్మడం ఇష్టం లేక నేను చేసిన పరీక్ష ఒకటుంది, మీటరున్న ఏ ఇంట్లోనైనా పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. మా మీటరు మీద, ఒక యూనిట్‌కు 3,200 సార్లు అని సూచించే అంకె అచ్చు వేసి ఉంది. అంటే మీటరు ముఖాన ఉన్న చిన్న ఎర్ర దీపం 3,200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ ఖర్చయినట్టు. ఫ్రిజ్, ఇన్వర్టర్, టీవీ పెట్టెతో సహా అన్నీ ఆపేసి, ఒక్క దీపాన్నే వెలిగించి, ఒక మెరుపుకూ మరో మెరుపుకూ నడుమ ఎన్ని సెకన్లు పడుతున్నదో చేతి గడియారంతో చూశాను. రాగి చోక్ ఉన్న పాత ట్యూబుకు 23 సెకన్లకు ఒక మెరుపు వచ్చింది. లెక్క వేస్తే 49 వాట్లు. ట్యూబు మీద 36 అని రాసి ఉన్నా, మిగతా 13 వాట్లు చోక్ వేడెక్కడానికీ రాత్రంతా గుంయిమని మోగడానికీ పోతున్నాయన్నమాట. కొత్త ఎల్‌ఈడీ ట్యూబుకు మెరుపుకూ మెరుపుకూ మధ్య 56 సెకన్లు పట్టింది, చెప్పినట్టుగా సరిగ్గా 20 వాట్లే. వాకిలి పాత బల్బుకు 19 సెకన్లు పడితే, కొత్తదానికి రెండు నిమిషాలు దాటింది.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరచింది జీరో బల్బు. పేరు విని అది కరెంటే తీసుకోదని మా ఇంట్లో అందరమూ నమ్మాము, అందుకే పూజ గదిలో రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉండేది. దానికి 75 సెకన్లకు ఒక మెరుపు వచ్చింది, అంటే 15 వాట్లు. 24 గంటలూ వెలిగితే నెలకు దాదాపు 11 యూనిట్లు. గదుల్లోని పెద్ద దీపాలు ఎంత తింటాయో అని లెక్కలు వేసుకునే మేము, దేవుడి పటం ముందు మినుకుమినుకుమనే ఆ ఎర్ర బల్బు రెండు పడక గదుల ట్యూబుల కన్నా ఎక్కువ తింటున్నదని 20 ఏళ్లు గ్రహించలేదు. దాని బదులు పెట్టిన అర వాటు ఎల్‌ఈడీకి నెలంతా కలిపి అర యూనిట్ కూడా కావడం లేదు. ఖరీదు 55 రూపాయలు. ఈ సమీక్షలో ఒక్క వస్తువునే సిఫారసు చేయమంటే నేను దీన్నే చేస్తాను.

ఎందుకంటే ఆదా అనేది దీపం ఎంత పెద్దది అన్నదాని కన్నా అది ఎన్ని గంటలు వెలుగుతుంది అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. వాకిలి బల్బు సాయంత్రం ఆరున్నర నుంచి ఉదయం ఐదున్నర దాకా 11 గంటలు వెలుగుతుంది కాబట్టి, ఆ ఒక్క బల్బు మార్పుతోనే నెలకు 17 యూనిట్ల దాకా తగ్గాయి. రోజుకు మూడు గంటలే వెలిగే రెండు పడక గదుల ట్యూబులను మార్చడానికి దానికి ఐదింతలు ఖర్చు పెడితే, తగ్గినవి ఐదారు యూనిట్లే. డబ్బు ఒకేసారి పెట్టలేనివారు వాకిలి, పూజ గది, వంటిల్లు, హాలు వరుసలో మార్చుకుంటూ పోతే, పడక గదుల దాకా వచ్చేసరికి వాటి ఖర్చు ముందువి సంపాదించి పెడతాయి.

బిల్లు సంగతి. కాగితం మీద నేను వేసుకున్న లెక్క నెలకు 51 యూనిట్లు తగ్గాలని. ఒక నెలను పక్క నెలతో పోలిస్తే ఫ్యాన్ల వాడకం మారి లెక్క తప్పుతుంది కనుక జనవరిని జనవరితోనే పోల్చాను. 2024 జనవరిలో 241 యూనిట్లు, 2025 జనవరిలో 186. తగ్గినవి 55 యూనిట్లు. నా లెక్క కన్నా నాలుగు ఎక్కువ తగ్గిన మాట నిజమే గానీ, ఆ నాలుగింటి ఘనత దీపాలకు కట్టబెట్టను, ఆ నెల సంక్రాంతికి నాలుగు రోజులు మేము ఊళ్లో లేము.

యూనిట్లు తగ్గినదాని కన్నా డబ్బు ఎక్కువగా తగ్గింది, దానికి కారణం తెలంగాణలోని స్లాబుల అమరిక. 2022 ఏప్రిల్ నుంచి అమలైన ధరల ప్రకారం నెల వాడకం 200 యూనిట్లలోపు ఉంటే మొదటి 100 యూనిట్లకు 3.40 రూపాయలు, తరువాతి 100కు 4.80 రూపాయల చొప్పున పడుతుంది. అదే 200 దాటితే మొదటి 200 యూనిట్లన్నిటికీ 5.10 చొప్పున, ఆ పై 300 దాకా వాటికి 7.70 చొప్పున వేస్తారు. అంటే గీత దాటినవారికి దాటిన యూనిట్ల మీదనే కాక, దాటని వాటి మీద కూడా ధర పెరుగుతుంది. ఆ ఒక్క గీత విలువే 200 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం వగైరాలు వదిలేసి కరెంటు ఖరీదు మాత్రమే చూస్తే, 241 యూనిట్లకు దాదాపు 1,336 రూపాయలు పడగా, 186 యూనిట్లకు 753 పడింది. నెలకు 583 రూపాయల తేడా. దుకాణంలో పెట్టిన డబ్బు నాలుగో నెలలోనే తిరిగి వచ్చింది.

అయితే ఇది చలికాలపు ముచ్చట. ఏప్రిల్, మే నెలల్లో కూలరూ ఏసీ మొదలయ్యాక మా వాడకం ఎలాగూ 200 దాటింది, అప్పుడు దీపాల ఆదా వల్ల తగ్గినవి యూనిట్లే తప్ప స్లాబు కాదు, ఆదా 400 రూపాయలకు కాస్త అటూఇటూగా నిలిచింది. మేడ మీది వాటాలో అద్దెకు ఉన్నవారికి గృహజ్యోతి పథకం వర్తిస్తుంది. వారికి 200 గీత మరీ పదునైనది, దాటని నెల సున్నా బిల్లు, దాటిన నెల మొత్తం బిల్లు. మా లెక్కలు చూసి వారు కూడా తమ మూడు ట్యూబులు మార్చుకున్నారు, ఆ తరువాత ఒక్క మే నెలలో తప్ప దాటలేదని చెప్పారు.

వెలుతురు రంగు దగ్గర నేను తప్పు చేశాను. వెలుతురు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె పెరిగే కొద్దీ తెలుపు, తగ్గే కొద్దీ పసుపు. దుకాణదారు నేను అడగకపోయినా అన్నీ 6,500 కెల్విన్ తెల్ల రంగువే ఇచ్చాడు, నేనూ చూసుకోలేదు. ఆ రాత్రి మా అమ్మ తన గదిలో మంచం మీద కూర్చుని పైకి చూసి, “గిదేం వెలుగు బిడ్డా, దవాఖానల పండుకున్నట్టున్నది” అన్నది. వంటింట్లో, చదువుకునే బల్ల దగ్గర ఆ తెలుపు బాగుంటుంది. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరడానికి, సూదిలో దారం ఎక్కించడానికి అమ్మ తానే వచ్చి వంటింటి ట్యూబు కింద కూర్చుంటుంది. పడుకునే గదికి మాత్రం అది కళ్లలో పొడిచినట్టుంటుంది. మరుసటి వారం ఆమె మంచం పక్కన ఉన్న హోల్డర్‌లో 3,000 కెల్విన్ పసుపు వెలుతురు బల్బు పెట్టాము, ఆమె గదిలోని ట్యూబు ఇప్పుడు చుట్టాలొస్తేనే వెలుగుతుంది. చీరల రంగు చూడడానికి కూడా మా ఇంటావిడ పగటి వెలుతురునే నమ్ముతుంది. ఎల్‌ఈడీ కింద ముదురు నీలమూ నలుపూ ఒకేలా కనిపించి ఒకసారి జాకెట్టు గుడ్డ మార్చి తెచ్చుకోవలసి వచ్చింది.

ఇక చెడినవాటి సంగతి. ఐదు ట్యూబులలో హాలులోనిది ఎనిమిదో నెలలో ఆరిపోయింది. రెండేళ్ల వారంటీ ఉంది, బిల్లు ఎక్కడో పోయింది గానీ ట్యూబు చివర మార్కర్ రాత చెరగలేదు. దుకాణదారు ఆ తేదీ చూసి, మారు మాట్లాడకుండా కొత్తది ఇచ్చాడు. పాతది నేను అడిగి తెచ్చుకుని మూత విప్పి చూశాను. పొడవాటి అల్యూమినియం పట్టీ మీద గోధుమ గింజలంత పసుపు చుక్కలు వరుసగా ఉన్నాయి. ఆ పసుపు పూత అడుగున ఉండేది నీలి వెలుతురు ఇచ్చే చిప్పు, నీలమూ పసుపూ కలిసి మన కంటికి తెలుపుగా తోస్తాయి. ఆ నీలి ఎల్‌ఈడీ తయారుచేసినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. వరుసలో ఒక చుక్క నడుమ ఆవగింజంత నల్లమచ్చ ఉంది. చుక్కలన్నీ ఒకదాని వెనుక ఒకటి దండలా కలిపి ఉంటాయి కనుక, ఒకటి మాడితే దండంతా ఆరిపోతుంది. పెట్టె మీద 25,000 గంటలని రాసినా, ఆ గంటలు లోపలి వేడి బయటికి పోయే దారి ఉన్నప్పుడే వస్తాయి. గాజు బుడ్డీలో మూసేసి పెట్టిన బల్బులు త్వరగా పోతాయని ఎలక్ట్రీషియన్ చెప్పిన మాట ఇదే.

ఆన్‌లైన్‌లో చవకగా వస్తున్నాయని ఆరు బల్బుల మూట ఒకటి, పేరూ ఊరూ లేనిది, మధ్యలో తెప్పించాను. 12 వాట్లని రాసి ఉన్న ఆ బల్బుకు మీటరు దీపం రెండున్నర నిమిషాలకు ఒకసారి మెరిసింది, అంటే ఏడున్నర వాట్లే. ఫోను కెమెరాలో చూస్తే తెర మీద నల్లటి చారలు పాకాయి, కంటికి తెలియకుండా ఆ బల్బు ఆరుతూ వెలుగుతూ ఉందని దాని అర్థం. పెట్టె మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు గానీ, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య గానీ, కరెంటు పొదుపును చూపే స్టార్ లేబుల్ గానీ లేవు. ఆరింటిలో నాలుగు ఏడాది తిరక్కుండా పోయాయి. ఈ మూడు గుర్తులూ చూడకుండా కొనడం నా పొరపాటే.

ఎమర్జెన్సీ బల్బు మీద నాకు మొదట మోజు ఉండేది. 380 రూపాయలు పెట్టి వంటింట్లో పెట్టాము. కరెంటు పోయినప్పుడు ఆ బల్బు స్విచ్ వేసి ఉంటే, లైనులో ఇంటిలోని మిగతా పరికరాల జాడను పసిగట్టి బ్యాటరీతో వెలుగుతుంది. అదే తడిచేత్తో దాని రెండు పిన్నులూ పట్టుకున్నా వెలుగుతుంది, పిల్లలకు అదొక ఆట. ఇబ్బంది ఏమిటంటే, ఎలక్ట్రీషియన్ పని కోసం మెయిన్ దించినప్పుడు కూడా అది వెలుగుతూనే ఉండి లైన్లో కరెంటు ఉందేమోనని అతన్ని కంగారు పెట్టింది. మొదట్లో మూడు గంటలు వెలిగినది, ఏడాది తిరిగేసరికి 40 నిమిషాలకు దిగింది. లోపలి బ్యాటరీ మార్చుకునే వీలు లేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవారు దీని జోలికి వెళ్లనక్కరలేదు.

దీపాల తప్పు కాని రెండు సమస్యలు కూడా ఈ మార్పులో బయటపడ్డాయి. వాకిలి కొత్త బల్బు రెండో రోజు నుంచే టపటపా కొట్టుకోవడం మొదలుపెడితే, బల్బు నాసిరకమని దుకాణం మీద విరుచుకుపడబోయాను. హోల్డర్ విప్పి చూస్తే, ఏళ్ల తరబడి 60 వాట్ల వేడికి దాని లోపలి స్ప్రింగులు సత్తువ లేక, అంచు మాడి పొడిపొడిగా రాలుతోంది. 40 రూపాయల కొత్త హోల్డర్‌తో ఆ గొడవ తీరింది. రెండోది కొంచెం భయపెట్టేది. పడక గదిలోని అర వాటు బల్బు స్విచ్ ఆపినా మసకగా వెలుగుతూనే ఉండేది. వైరింగ్ వేసినప్పుడు ఎవరో స్విచ్‌ను ఫేజు (కరెంటు వచ్చే వైరు) మీద కాక న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) మీద కలిపారట. స్విచ్ ఆపి ఉన్నా హోల్డర్‌లో కరెంటు ఉన్నదన్నమాట. 20 ఏళ్లుగా స్విచ్ ఆపామన్న ధైర్యంతో మేము స్టూలెక్కి బల్బులు మార్చింది ఆ హోల్డర్‌లోనే. ఎలక్ట్రీషియన్ వైర్లు సరిచేశాక ఆ మసక వెలుగు పోయింది.

వానాకాలంలో పురుగుల గురించి కూడా అడుగుతారు. అతినీల కిరణాలు లేనందున ఎల్‌ఈడీకి పురుగులు తక్కువగా వస్తాయంటారు, మామూలు రాత్రులలో అది నిజమే, బల్లి కూడా వాకిలి విడిచి పక్కింటి ట్యూబు దగ్గరికి మకాం మార్చింది. జూన్‌లో తొలి వాన పడిన రాత్రి ఉసిళ్లు మాత్రం ఏ భేదమూ పాటించలేదు. ఎప్పటిలాగే దీపాలన్నీ ఆర్పి, బేసిన్‌లో నీళ్లు పోసి నడుమ దీపం పెట్టుకుని కూర్చున్నాము.

లో వోల్టేజీ ఊళ్లలో ఉన్నవారికి ఇంకొక మేలు ఉంది. వేసవి సాయంత్రాలు మోటార్లన్నీ ఒక్కసారి నడిచే వేళ మా సొంతూళ్లో పాత ట్యూబులు వెలిగేవి కావు, మా నాన్నగారు ట్యూబును చేత్తో తిప్పుతూ నిలబడేవారు. అక్కడ పెట్టిన ఎల్‌ఈడీ అదే వోల్టేజీలో తడబడకుండా వెలుగుతోంది.

నేను ఇంత ఆలస్యంగా మారడానికి సాకు ధర. గుంటూరులో ఉండే మా అక్కకు పదేళ్ల క్రితమే ప్రభుత్వ పథకం కింద, పాత బల్బులు రెండు తీసుకుని ఒక్కొక్కటి పది రూపాయలకు 7 వాట్ల ఎల్‌ఈడీలు ఇచ్చారు. అప్పుడు బజారులో వాటి ధర చూసి, ఇవి ప్రభుత్వ పథకాలకే తప్ప మన కొనుగోలుకు కావని అనుకున్నాను. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ 2014లో ఒక్కో బల్బును 310 రూపాయలకు కొన్నది. టోకున కోట్ల సంఖ్యలో కొనడం మొదలుపెట్టాక 2016 నాటికి అది 38 రూపాయలకు దిగింది. ధర దిగిన తరువాత కూడా ఎనిమిదేళ్లు ఊరుకున్నందుకు సాకేమీ లేదు.

తీసేసిన ఐదు చోకులను పాత ఇనుప సామాను దుకాణంలో రాగి తూకానికి ఇచ్చాము. పాత ట్యూబులు ఇంకా మేడ మెట్ల కింద అట్టపెట్టెలో ఉన్నాయి. వాటిలో పాదరసం ఉంటుంది, పగిలితే కిటికీలు తీసి కాసేపు బయటికి వెళ్లాలి, చెత్తబండిలో పడేయకూడదు. పాత దీపాలు తీసుకునే సేకరణ కేంద్రానికి ఇవ్వాలని దాచాను. స్నానాల గదుల సీఎఫ్‌ఎల్‌లను మాత్రం ముట్టుకోలేదు. రోజుకు అరగంట వెలిగే దీపాన్ని మారిస్తే కొత్తదాని డబ్బు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. అవి తమంతట తాము పోయిన రోజున మారుస్తాము, వాటి బదులు పెట్టవలసిన 9 వాట్ల బల్బు మార్కర్ తేదీతో సహా అలమారలో సిద్ధంగా ఉంది.